మిసిసిపీ పుట్టినచోటు

మహానదుల జన్మస్థానములు చిన్నవిగా నుండుట వింత కాదు. త్ర్యంబకమున గోదావరిని చూచినవా రీమాట నెఱుగుదురు. అమెరికాలో మినెసోటా రాష్ట్రమందు ఇటాస్కా సరస్సునుండి వెడలు సన్నని యేటిని బాలురు రాళ్లమీద నడచి దాటుదురు. అదియే మిసిసిపీ మహానది.

1832లో ఓజిబ్వే జాతినాయకుడగు ఓజావిండిబ్ దారిచూపగా హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ ఈ సరస్సును చేరెను. 'సత్యము', 'శిరస్సు' అను నర్థములుగల రెండు లాటిను పదములను చేర్చి, మొదటి మూడక్షరములను, తుది మూడక్షరములను తొలగించి, అతడు 'ఇటాస్కా' యను పేరు కల్పించెను. ఓజిబ్వేలకు మాత్ర మా సరస్సు పూర్వమునుండియు తెలిసినదే; వారిభాషలో దానికి పెద్దజాతి జింకపేర నొక నామము ముందే కలదు. కనుగొన్నవాని పేరు చరిత్రకెక్కి, దారిచూపినవాని పేరు మఱుగుపడుట మన మెఱుగనిది కాదు.

1889లో జేకబ్ బ్రోవర్ ఈ ప్రాంతమును కొలిచెను. అప్పటికే కలపవర్తకుల గొడ్డళ్లు సరళవృక్షముల నాక్రమించుచుండెను. ఈ యడవిని ప్రజలకై కాపాడవలెనని యతడు పట్టుబట్టగా, 1891 ఏప్రిల్ 20వ తేదీన శాసనసభ ఒక్క వోటు ఆధిక్యముతో దీనిని రాష్ట్రోద్యానముగా నిర్ణయించెను.

శాసనము పుట్టినను గొడ్డలి యాగలేదు. 1903లో ఉద్యానాధికారిగా నుండిన తండ్రి మరణింపగా, ఇరువదినాలుగేండ్ల మేరీ గిబ్స్ ఆ పదవిని చేపట్టెను. దుంగలను తేల్చుటకై వర్తకులు కట్టిన ఆనకట్టవలన నీరు పొంగి తీరమునందలి చెట్లు చెడుచుండెను. ఆమె తలుపు లెత్తుడని కోరగా వారు తుపాకులు చూపి బెదరించిరి. ఆమె వెనుదీయలేదు. కాని వర్తకుల బలమే మిక్కుటమై, కొలదినెలలకే యామె పదవిని వీడెను. చెట్లనఱుకుడు మఱికొన్నేండ్లు సాగెను.

నేడా యుద్యానము 32,000 ఎకరములకు పైబడినది. నూఱింటికి మించిన సరస్సులు గలది. కుటుంబములు గుడారములు వేసికొని నివసించును. పడవలు నడపుదురు, చేపలు పట్టుదురు, సైకిళ్లపై అడవిబాటల తిరుగుదురు. హేమంతమున స్కీలు తొడిగి మంచుపై సాగుదురు. ఇన్నూఱేండ్లు దాటిన సరళవృక్షములు నచ్చట నిలిచియున్నవి. నదీముఖముకడనున్న సందర్శకుల భవనమునకు మేరీ గిబ్స్ పేరే పెట్టిరి.

ఆనాడు నెగ్గినవారు వర్తకులు. నేడు బిడ్డలతో నచ్చటికి వచ్చువారు తలచునది ఆ యువతిని. చెఱువునో తోపునో కాపాడబూని యోడినవారు మన యూళ్లలోను కలరు. వారిపేర్లు మన బిడ్డలకు చెప్పుచున్నామా?