కాగితం మీద లేచిన ఇల్లు

ఇడుపులపాయ వేంపల్లె మండలంలో ఉంది. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో హెలికాప్టర్ కూలి చనిపోయిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సమాధి అక్కడే. పేదల కోసం 2006లో ఆయన మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ల పథకం కథ కూడా చివరికి అంతే బాధగా ముగిసింది.

మూడు విడతల్లో ఉమ్మడి రాష్ట్రంలో గుడిసె అన్నది లేకుండా చేస్తామన్నారు. కొట్టంలో పుట్టి కొట్టంలోనే ముసలైనవాళ్లు నమ్మారు. వేలాది కుటుంబాలు నిజంగానే స్లాబు కిందికి చేరాయి. ఆ మేలును కాదనలేం.

తెగులు పట్టింది బిల్లుల దగ్గర. బేస్‌మెంటుకు కొంత, లెంటల్‌కు కొంత, స్లాబుకు కొంత డబ్బు, మధ్యలో సిమెంటు బస్తాలు. పని అయిందని కింది ఉద్యోగి రాస్తే చాలు, బిల్లు పడేది. కొన్నిచోట్ల పాత ఇంటినే కొత్తదిగా చూపారు. కొన్నిచోట్ల పునాది కూడా లేని ఇంటికి స్లాబు బిల్లు తీశారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిమీద సీఐడీ విచారణ వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ ఫొటో తీసి జియోట్యాగింగు చేశారు.

అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. సర్కారు ఇల్లు కుటుంబానికి ఒక్కసారే. ఎవరో తన పేరుతో బిల్లు తినేసిన సంగతి కూలికి పోయే ఆడమనిషికి తెలియదు. ఏళ్ల తర్వాత కొత్త పథకానికి అర్జీ పెట్టుకుంటే, ‘నీకు ఇదివరకే ఇల్లు మంజూరైంది’ అంటుంది కంప్యూటరు. కట్టని ఇంటికి యజమానురాలై, ఆమె అదే కొట్టానికి తిరిగిపోతుంది. ఇంతకు మించిన అన్యాయం ఈ కథలో మరొకటి లేదు.

ఇళ్ల స్థలాల పట్టాలదీ అదే దారి. పేదకిచ్చిన స్థలాన్ని అమ్మకూడదని 1977 చట్టం చెప్పింది. తర్వాతి సవరణలు ఇళ్ల స్థలాలకు ఏళ్ల గడువు పెట్టి సడలించాయి. గడువు తీరకముందే బాండు పేపరు మీద చేతులు మారినవి ఎన్నో. తనిఖీ వచ్చిననాడు నోటీసు అందేది లోపల కాపురముంటున్న వాళ్లకు. బేరం కుదిర్చినవాడు ఎక్కడా కనిపించడు. హైదరాబాదులో సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్లు తీసుకొని అద్దెకిచ్చినవారికీ నోటీసులు వెళ్లాయి. ఇంగ్లండులో 2013 చట్టం ఇలా అద్దెకివ్వడాన్ని నేరం చేసి, వచ్చిన లాభాన్ని కక్కించే అధికారం కోర్టుకిచ్చింది. ఇక్కడ కక్కించాల్సింది ముందు దళారీ చేత, దొంగ బిల్లు రాసినవాడి చేత.

అధికారులకు ఒక్కటే విన్నపం. ఇల్లు కట్టని పేర్లను రికార్డులోంచి తీసేయండి, ఆ మనుషులను మళ్లీ అర్హులను చేయండి. ఊరివాళ్లకూ ఒక మాట. గ్రామ సచివాలయం గోడకు జాబితా అంటించినప్పుడు మీ పేరు ఒక్కటే వెతుక్కొని రావద్దు. అన్ని పేర్లూ చదవండి. ఇల్లు లేని పేరు కనిపిస్తే గ్రామసభలో లేచి అడగండి.