వావిలవలసలో ఇద్దరే మనుషులు

కిందటి యేడు మా కళాశాలలో డిగ్రీ విద్యార్థులకు 'మిథునం' సినిమా చూపించాను. శ్రీరమణ కథ పాఠం చెప్పవలసివచ్చింది. కథతోపాటు సినిమా కూడా చూస్తే మేలనుకున్నాను. సినిమా అయిపోయిన తర్వాత వెనక బెంచీలోనించి వొక కుర్రవాడు లేచి, "ఆ వూర్లో మరెవులూ నేరా మాస్టారూ?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం జవాబు తోచలేదు.

తనికెళ్ల భరణి తీసిన యీ చిత్రం 2012 డిసెంబరులో విడుదలైంది. తెరమీద యిద్దరే మనుషులు. అప్పదాసు పాత్ర యస్.పి. బాలసుబ్రహ్మణ్యానిది, బుచ్చిలక్ష్మి పాత్ర లక్ష్మిది. పిల్లలు విదేశాలలో స్థిరపడ్డారు. పెరటితోట, ఆవు, వంటిల్లు, పూటపూటకీ వొక పోట్లాట - యింతే కథ. పాటలకూ వంటలకూ మురిసిపోయి కొందరు దానిని నెత్తిన పెట్టుకున్నారు. మన విమర్శకులు మాత్రం వృద్ధుల ముచ్చట అని పక్కకు నెట్టారు. ఆ నెట్టినవాళ్లలో నేనూ వొకణ్ణి. అది పొరపాటని యిప్పుడు అనిపిస్తున్నది.

యీ సినిమాలోని అసలు వస్తువు వృద్ధుల ప్రేమ కాదు, మొగుడూ పెళ్లాల స్నేహం. రెండూ వొకటేనని యెవరైనా అంటే, వారు విజయనగరం చరిత్ర మరిచారన్నమాట. 'కన్యాశుల్కం' మొదటి కూర్పు 1897లో అచ్చయింది. దాని యింగ్లీషు పీఠికలో గురజాడ కొన్ని లెక్కలిచ్చాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన శుల్కపు పెళ్లిళ్లు 1034; ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది. అయిదేళ్ల పిల్లకు యాభై యేళ్ల మొగుడు యజమాని కాగలడు, దేవుడు కాగలడు, స్నేహితుడెట్లా అవుతాడు? అటువంటి సమాజంలో నిలబడి, 1910 ప్రాంతాన 'కాసులు' గేయంలో, దేవుడి పీఠం దిగివచ్చి భార్యతో స్నేహం కోరుకునే భర్తను గురజాడ ప్రవేశపెట్టాడు. అదే కాలంలో, 1910లో, 'దిద్దుబాటు' కథలో కమలిని మొగుణ్ణి దిద్దింది. దిద్దాలంటే యెదురుగా నిలబడగలగాలి గదా! కాళ్లదగ్గర కూర్చున్న మనిషి యెవరినీ దిద్దలేదు.

ఆ స్నేహం తర్వాత వందేళ్లకు, నాగావళి సీమలోనే, తెరకెక్కింది. మిథునం చిత్రీకరణ జరిగింది రాజాం దగ్గర వావిలవలసలో, నిర్మాత మొయిద ఆనందరావు గారి పాత యింట్లో. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 విభజన తర్వాత విజయనగరం జిల్లా. అప్పదాసు బుచ్చిలక్ష్మిని వేళాకోళం చేస్తాడు, ఆమె అతణ్ణి చెడామడా తిడుతుంది, యిద్దరిలో యెవరూ యెవరికీ దండం పెట్టరు. యిల్లు నిండుగా వున్నన్నాళ్లూ - అత్తలూ ఆడపడుచులూ పిల్లలూ వున్నన్నాళ్లూ - యిటువంటి మాట వాళ్లమధ్య సాగి వుండేదా? సాగి వుండదని నా అనుమానం. వుమ్మడి సంసారంలో పగటిపూట మొగుడితో నవ్వుతూ మాట్లాడటమే తప్పుగా వుండేది. పిల్లలు వెళ్లిపోయిన ఒంటరితనమే వాళ్లను స్నేహితుల్ని చేసింది. మన సినిమాలలో వృద్ధుల ఒంటరితనం యెప్పుడూ కన్నీటి కుండే. దానినించి యింత చిత్రమైన లాభం తీసిన సినిమా నాకు మరొకటి గుర్తుకు రావటంలేదు. (యిదే కథను యం.టి. వాసుదేవన్ నాయర్ 2000లోనే 'ఒరు చెరు పుంచిరి' పేరుతో మలయాళంలో తీశాడు. మన కథను ముందుగా మలయాళులు గుర్తించటం మనకు కొత్తేమీ కాదు.)

అయితే వంటిల్లు బుచ్చిలక్ష్మిదే. తినేవాడు అప్పదాసు. ఆ మేరకు యీ స్నేహం సగంలోనే ఆగింది. కథలో ఆమె భర్తకన్న ముందు పోవాలని కోరుకోదు, పసుపు కుంకుమల ఆశను కూడా వొదులుకుంటుంది. తను పోతే అతనికి జరుగుబాటు వుండదని ఆమె భయం. తెలుగు యిల్లాలి నోట అది సాహసమైన మాటే. కాని అన్నం కూడా వొండుకోలేని స్నేహితుణ్ణి తయారుచేసింది యెవరు?

యిక కుర్రవాడి ప్రశ్న. తెనాలి ప్రాంతపు రచయిత రాసిన కథ, మాగాణి నీడలో పుట్టిన కథ, వావిలవలస వచ్చింది. ఆ వూరి పేరులోనే 'వలస' వుంది. మా జిల్లాలలో అట్లాంటి పేర్లు కోకొల్లలు. వొకప్పుడు వలస వచ్చినవాళ్లు కట్టుకున్న వూళ్లనించి యిప్పుడు జనం వలస పోతున్నారు. పూర్వం రంగూన్, ఆ తర్వాత చెన్నై, హైదరాబాద్, గుజరాత్ తీరం. అమెరికా పిల్లల తల్లిదండ్రులు మా దగ్గరా వున్నారు. కూలికి పోయిన పిల్లల తల్లిదండ్రుల ముందు వాళ్ల లెక్కెంత? సినిమా విడుదలైన యేడాదిన్నరకు, 2014 జూన్ 28న, చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చచ్చిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు యెందరో. 2018 నవంబరులో, గుజరాత్ పడవలలో వేటకు పోయిన మా జాలర్లు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ పద్నాలుగు నెలలు వాళ్ల ఆడవాళ్లు యెవరితో పోట్లాడారు?

యిద్దరినే చూపటం దర్శకుడి నియమం, ఆ నియమంవల్లనే స్నేహం అంత దగ్గరగా కనిపించింది. ఆ నియమంవల్లనే వూరు మాయమైంది. చాసో 'వాయులీనం'లో కూడా భార్యాభర్తల మధ్య ప్రేమకు లోటు లేదు. భార్య ప్రాణం కాపాడుకోవటానికి ఆమె ఫిడేలు అమ్మవలసివచ్చింది, అంతే. అప్పదాసు పెరడు ఆ యింటికి వుంటే ఫిడేలు మిగిలేదేమో.

ప్రశ్న వేసిన కుర్రవాడి తల్లీతండ్రీ చెన్నైలో తాపీపనికి పోయారు. వాడు మామ్మ దగ్గర వుండి చదువుకుంటున్నాడు. వారం తర్వాత వరండాలో కనిపించి, సినిమా మామ్మకు ఫోనులో చూపించానన్నాడు. యేమందిరా అని అడిగాను.

"ముసిలోలిద్దరూ బాగా కబుర్లాడుకున్నారంది మాస్టారూ. మా తాతతోటి అలగ మాటాడ్డానికి తనకెప్పుడూ తీరిక నేదంట."