రెండు రెక్కల తలుపుల తాళాలు: మరమ్మతు, సంరక్షణ

సిరోంచ, అంకీసా, ఆసరెల్లి, అహేరి, ఆలాపల్లి వైపు తరతరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో రెండు రెక్కల తలుపు లేని ఇల్లు అరుదు. పాత పెంకుటిళ్ళకు బరువైన టేకు తలుపులు ఉన్నాయి. కొత్త స్లాబు ఇళ్ళలో వరండా వైపు అద్దాలు బిగించిన జంట తలుపులు పెట్టుకుంటున్నారు. ఈ అద్దాల తలుపులనే షాపుల్లో ఫ్రెంచి డోర్లు అంటారు. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. మధ్యలో గుంజ ఉండదు, రెండు రెక్కలు ఒకదానికొకటి ఆనుకుని మూసుకుంటాయి. తాళానికి ఆధారం గోడ కాదు, పక్క రెక్క. అందుకే వీటి తాళాలు ఒంటి రెక్క తలుపుల తాళాల కంటే తొందరగా మొరాయిస్తాయి.

"తాళం పాడైంది, మంచిది ఎక్కడ దొరుకుతుంది?" అని సంఘం సభ్యులు మమ్మల్ని అడుగుతుంటారు. వెళ్ళి చూస్తే చాలాసార్లు తాళం బాగానే ఉంటుంది. తలుపు జరిగి ఉంటుంది. కొత్త తాళం కొని బిగించినా నెలకే మళ్ళీ అదే కథ. కనుక ముందు తలుపును, తరువాత తాళాన్ని చూసే పద్ధతి ఇక్కడ వరుసగా రాస్తున్నాము.

రెండో రెక్కను ఎందుకు మరచిపోకూడదు

2022 జులైలో గోదావరి, ప్రాణహిత పొంగినప్పుడు మన తాలూకాలో ఎందరో ఇళ్ళు వదిలి వెళ్ళవలసి వచ్చింది. అప్పుడు మా ఇంట్లో జరిగింది చెబుతాము. మా అత్తగారు మంచం మీద ఉన్నారు. మంచంతో సహా బయటికి తెద్దామంటే రెండో రెక్క తెరుచుకోలేదు. ఏళ్ళ తరబడి మేము ఒక్క రెక్కతోనే సరిపెట్టుకున్నాము. రెండో దాని కింది బోల్టు తుప్పుపట్టి గడపలో కరుచుకుపోయింది. తెరుచుకున్న రెక్క వెడల్పు 22 అంగుళాలు. మంచం పట్టలేదు. చివరికి వీధిలోని నలుగురు కుర్రవాళ్ళు దుప్పటిలో ఎత్తి బయటికి తెచ్చారు. మంచం నీళ్ళ పాలైంది, మనిషి దక్కింది.

ఆ బోల్టుకు ఏడాదికి రెండుసార్లు నాలుగు చుక్కల నూనె వేసి ఉంటే సరిపోయేది. తాళం దొంగ కోసమే కాదు, ఇంట్లో వాళ్ళు వేళకు బయటపడడం కోసం కూడా సరిగా ఉండాలి.

తలుపు ఎలా పనిచేస్తుంది

జంట తలుపులో ఒకటి నడిచే రెక్క, రెండోది నిలిచే రెక్క. నిలిచే రెక్కను పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు పట్టి ఉంచుతాయి. పాత తలుపులకు ఇవి బయటికి కనిపించే గడియలు. కొత్తవాటిలో టవర్ బోల్టులు గాని, రెక్క అంచులో దాగి ఉండే బోల్టులు గాని ఉంటాయి. తాళం నడిచే రెక్కకు ఉంటుంది. చెవి తిప్పితే తాళం నాలుక బయటికి వచ్చి నిలిచే రెక్కకు బిగించిన ఇనుప రేకు రంధ్రంలో దిగుతుంది.

నిలిచే రెక్క కదిలితే రంధ్రం కూడా కదులుతుంది. నాలుక రేకుకు తగిలి ఆగిపోతుంది. మనం చెవిని గట్టిగా తిప్పుతాము, చెవి వంగుతుంది లేదా విరుగుతుంది. చాలా ఇళ్ళలో తాళం "చెడిపోవడం" ఇలాగే మొదలవుతుంది.

తప్పు ఎక్కడ ఉందో తెలుసుకోవడం

1. తలుపు బార్లా తెరిచి పెట్టి చెవి తిప్పండి. నాలుక సాఫీగా బయటికి వచ్చి లోపలికి పోతే తాళం మంచిదే. తప్పు తలుపుది. తెరిచి ఉన్నప్పుడు కూడా బిగుసుకుంటే తప్పు తాళానిది.

2. నడిచే రెక్కను పిడి పట్టుకుని మెల్లగా పైకి ఎత్తి చూడండి. రెక్క లేస్తే బందులు వదులైనట్టు.

3. నిలిచే రెక్కకు రెండు బోల్టులూ వేసి చేత్తో నెట్టండి. కదిలితే బోల్టు రంధ్రాలు అరిగాయి, లేదా బోల్టు పూర్తిగా దిగడం లేదు.

4. నాలుక చివర సుద్దముక్క గాని కాటుక గాని రాసి, తలుపు మూసి, చెవి తిప్పి, మళ్ళీ తెరిచి చూడండి. రేకు మీద మరక ఎక్కడ పడిందో చూస్తే నాలుక పైకి తగులుతోందా, కిందికి తగులుతోందా అన్నది తెలిసిపోతుంది.

ఈ నాలుగు పరీక్షలకు పది నిమిషాలు చాలు, డబ్బు ఖర్చు లేదు. ఇవి చేయకుండా తాళం విప్పకండి.

బందులు బిగించడం

రెక్క బరువంతా లాగేది పై బందును. దాని స్క్రూలు వదులైతే తాళం ఉన్న వైపు అంచు కిందికి వాలుతుంది. ముందు రెక్క కింద చెక్క ముక్క పెట్టి బరువు ఆపండి. తరువాత స్క్రూలు బిగించండి. స్క్రూ ఊరికే తిరుగుతుంటే రంధ్రం పెద్దదైనట్టు. స్క్రూ తీసి, వెదురు పుల్లలకు గాని టేకు పుల్లలకు గాని చెక్క జిగురు రాసి రంధ్రంలో కుక్కి, ఒక రాత్రి ఆరనిచ్చి, పైకి వచ్చిన పుల్లలు కోసేసి మళ్ళీ స్క్రూ ఎక్కించండి. ద్వారబంధం గట్టి చెక్కదైతే పై బందులో ఒక స్క్రూను 3 అంగుళాలది వేయవచ్చు. అన్నీ ఒకేసారి తీయకండి, రెక్క మీద పడుతుంది. ఒకటి తీసి ఒకటి వేయండి.

బందుకు సన్న మిషను నూనె రెండు చుక్కలు చాలు. కొబ్బరి నూనె, వంట నూనె వేస్తే కొన్నాళ్ళకు జిగటై దుమ్ము పట్టేస్తుంది.

నిలిచే రెక్క బోల్టులు

కింది బోల్టు రంధ్రంలో మట్టి, ఊడ్చిన చెత్త, ముగ్గుపిండి చేరుతాయి. బోల్టు సగమే దిగుతుంది, మనకు దిగినట్టే కనిపిస్తుంది. మేకుతో మట్టి గీకి తీసి, పాత బ్రష్షుతో శుభ్రం చేయండి. బోల్టు కనీసం ముప్పావు అంగుళం దిగాలి. సిమెంటు నేలలో రంధ్రం అంచులు విరిగి పెద్దదైతే చిన్న ఇనుప గొట్టం ముక్క దించి సిమెంటుతో బిగించండి.

పై బోల్టు అందదని చాలామంది వేయడం మానేస్తారు. కింది బోల్టు ఒక్కటే ఉంటే రెక్క పై భాగం వంగుతుంది, తాళం పట్టదు. ఎత్తైన తలుపులకు 12 అంగుళాల టవర్ బోల్టు పెట్టుకుంటే చేతికి అందుతుంది.

నెలకు ఒక్కసారైనా రెండు రెక్కలూ పూర్తిగా తెరవండి.

వానాకాలం, ఎండాకాలం

చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. మన దగ్గర మే నెల ఎండకూ ఆగస్టు తేమకూ ఉన్న తేడా తెలిసిందే. ఆగస్టులో బిగుసుకుందని చిత్రిక పట్టిస్తే సంక్రాంతి నాటికి రెక్కల మధ్య వేలు పట్టేంత సందు వస్తుంది, నాలుక పట్టు తప్పుతుంది. రాసుకునే చోట సబ్బు గాని మైనం గాని రుద్ది ఆ నెలలు గడపండి. చలికాలం వచ్చాక కూడా రాసుకుంటుంటే అప్పుడు, ఆ చోట మాత్రమే, కొద్దిగా చిత్రిక పట్టించండి.

రెక్క పై అంచుకు, కింది అంచుకు రంగు వేయడం మనవాళ్ళు మరచిపోతారు. తేమ ఎక్కువగా తాగేది అక్కడే. తలుపు విప్పినప్పుడల్లా ఆ రెండు అంచులకూ వార్నిషు వేయించండి.

టేకు మిగతా చెక్కల కంటే తక్కువగా ఉబ్బుతుంది, దాని చేవకు చెదలు సులభంగా పట్టవు. 2023 మార్చిలో అయోధ్య రామాలయం తలుపులకు టేకు పంపింది మన పక్క చంద్రపూర్ జిల్లా బల్లార్షా నుంచే. వాటిని చేయించింది హైదరాబాద్ సంస్థ. తాతల నాటి టేకు తలుపు తాళం పట్టడం లేదని దాన్ని పీకించి రేకు తలుపు పెట్టుకోవడం నష్టమే. తలుపు ఉండనిచ్చి బందులు మార్చండి.

తాళం రకాలు, వాటి సేవ

మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి మూడు. మొదటిది గొళ్ళేనికి వేసే తాళంకప్ప. రెండోది పొడవాటి చెవి ఉన్న లివర్ తాళం. ఇంగ్లండులో 1778లో పేటెంటు అయిన పద్ధతి నుంచి వచ్చింది. మూడోది చిన్న చదును చెవి ఉన్న సిలిండర్ తాళం. దాని లోపల స్ప్రింగుల మీద చిన్న పిన్నులు ఉంటాయి. సరైన చెవి గాట్లు ఆ పిన్నులను ఒకే గీతకు తెస్తేనే అది తిరుగుతుంది. కొత్త ఫ్రెంచి డోర్లకు ఈ మూడో రకమే వస్తోంది.

సిలిండర్ రంధ్రంలో నూనె పోయకండి. నూనె దుమ్మును పట్టి పిన్నులకు అంటిస్తుంది. మెత్తటి పెన్సిలు ముల్లును చెవి గాట్లకు బాగా రుద్ది, చెవిని పది సార్లు లోపలికీ బయటికీ ఆడించి, గుడ్డతో తుడిచి మళ్ళీ ఆడించండి. దుకాణంలో గ్రాఫైటు పొడి దొరికితే అదే పని. తాళం నాలుకకు మాత్రం కొద్దిగా గ్రీజు రాయవచ్చు.

సిలిండర్ అరిగిపోతే తాళం మొత్తం మార్చనక్కరలేదు. రెక్క అంచున, సిలిండర్ ఎత్తులో, ఒక పొడుగు స్క్రూ ఉంటుంది. దాన్ని తీసి, చెవి పెట్టి కొద్దిగా తిప్పి మెల్లగా లాగితే సిలిండర్ బయటికి వస్తుంది. స్క్రూ రంధ్రం నుంచి రెండు వైపులా కొలిచి, ఉదాహరణకు 30 మి.మీ., 30 మి.మీ. అని రాసుకుని, పాతదాన్ని వెంట తీసుకుని దుకాణానికి వెళ్ళండి.

చెవి లోపల విరిగితే జిగురు ప్రయోగాలు వద్దు. రంధ్రం నిలువుగా ఉండేలా సిలిండరు ఉంటేనే విరిగిన ముక్క జారుతుంది. సన్న రంపపు బ్లేడును పక్కగా దూర్చి పళ్ళతో పట్టి లాగండి. రాకపోతే తాళాలవానిని పిలవండి.

నీళ్ళలో మునిగిన తాళం

వరద నీటి కంటే అందులోని ఒండ్రు మన్ను తాళానికి ఎక్కువ చేటు. ఆరేదాకా ఆగకుండా తాళం విప్పి మంచి నీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, నాలుకకు నూనె రాయండి. లివర్ తాళం మూత తీస్తే లివర్లు ఏ వరుసలో ఉన్నాయో ముందు ఫోనులో ఫోటో తీసుకోండి. వరుస మారితే చెవి పనిచేయదు. తడిసిన తలుపును ఎండలో పెట్టకండి, వంకర పోతుంది.

భద్రత, బయటపడే దారి

అద్దాల తలుపుకు చెవిని లోపలి రంధ్రంలోనే వదిలేస్తే, అద్దం పగలగొట్టి చెయ్యి పెట్టి తిప్పవచ్చు. ఎక్కడో బీరువాలో దాస్తే నీళ్ళు వచ్చిన రాత్రి, పొగ వచ్చిన రాత్రి దొరకదు. మా సలహా ఇది. అద్దం నుంచి చెయ్యి చాపినా అందనంత దూరంలో గోడకు మేకు కొట్టి, దానికే చెవి తగిలించాలి. అది ఇంట్లో పిల్లల నుంచి పెద్దల వరకు అందరికీ తెలియాలి. మనుషులు లోపల ఉండగా గొళ్ళేనికి తాళంకప్ప వేసుకోకూడదు. గడియ చాలు.

వంతెన వచ్చాక కాళేశ్వరం మీదుగా మంచిర్యాల, కరీంనగర్, హైదరాబాద్‌లలోని పిల్లల దగ్గరికి వెళ్ళి నెలల తరబడి ఉండేవారు మనలో ఎక్కువయ్యారు. వెళ్ళేముందు బోల్టులకు నూనె వేసి, బయటి తాళంకప్పకు వాన పడకుండా చిన్న రబ్బరు ముక్క కప్పి, ఒక చెవి నమ్మకమైన పక్కింటివారికి ఇచ్చి వెళ్ళండి.

దుకాణంలో ఏమని అడగాలి

గడ్చిరోలి, చంద్రపూర్ దుకాణాల్లో మరాఠీ మాటలు నడుస్తాయి. తాళాన్ని కులూప్ అంటారు, తాళంచెవిని కిల్లీ అంటారు. బందు బిజాగరీ, గొళ్ళెం దాని కొక్కెం కలిపి కడీ కోయండా, ద్వారబంధం చౌకట్, గడప ఉంబర్‌ఠా, చిత్రిక రంధా, వడ్రంగి సుతార్. మన పిల్లలు మరాఠీ బడుల్లో చదివి ఆ మాటలే పలుకుతున్నారు. తలుపు బాగుచేసేటప్పుడు వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని రెండు పేర్లూ చెప్పండి. గడియ, గొళ్ళెం, బందు, గడప అన్న మాటలు కూడా వాడకపోతే తుప్పు పడతాయి.

ఏడాదిలో రెండు రోజులు

మృగశిర కార్తెకు ముందు ఒక రోజు, దీపావళి శుభ్రం నాడు ఒక రోజు పెట్టుకోండి. రెండు రెక్కలూ తెరవడం, బందుల స్క్రూలు బిగించడం, బోల్టు రంధ్రాలు శుభ్రం చేయడం, బోల్టులకు నూనె, సిలిండర్‌కు పెన్సిలు పొడి, చివరగా దీపం ఆర్పి చీకట్లో లోపలి నుంచి ఒకసారి తలుపు తీసి చూడడం. ఇంట్లో అందరికంటే పెద్దవారూ, అందరికంటే చిన్నవారూ కూడా తీయగలిగితే తలుపు సరిగా ఉన్నట్టే.