ఆరవ ఫారము తరువాత

పరీక్షా ఫలితములు వెలువడిన నాడు పిల్లలు గల ప్రతి ఇంటను ఒకే ప్రశ్న పుట్టును: ఇక ముందేమి? నీరు పుష్కలముగా పారు సీమలలో ఈ ప్రశ్నకు కొంత వెసులుబాటు కలదు. చదువు సాగకున్నను పొలము కనిపెట్టుకొని యుండును. కర్నూలు, కడప ప్రాంతముల మెట్ట భూములలో అట్టి ధీమా లేదు. 1876-78 నాటి మహాక్షామము మొదలుకొని మేఘమును నమ్మి సంసారము నడుపుట ఎంతటి కష్టమో ఈ సీమవాసులు తరతరములుగా ఎరుగుదురు. అందుచేత కుమారుని నెలజీతము ఇచ్చటి తలిదండ్రులకు తప్పక కురిసెడి వాన వంటిది. ఆ వానకై ఎదురుచూచుటలో తప్పు లేదు. అయితే అది ఒకే దిక్కు నుండి వచ్చునని నమ్ముట వలన ఎందరో పిల్లల శక్తులు వృథాయైనవి. ఈ నమ్మకము ఎట్లు ఏర్పడినది? దీనిని సడలించుటకు జరిగిన ప్రయత్నములేవి? ఈ రెండు విషయములను శ్రోతలకు మనవి చేయుటయే ఈ ప్రసంగోద్దేశము.

1800వ సంవత్సరమున నిజాము ఈ మండలమును ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసినాడు. మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇచ్చట నుండి, పల్లెపల్లెను ఎరిగిన అధికారియైనాడు. తరువాత మద్రాసు గవర్నరై, 1822లో రాజధాని అంతటను గల పాఠశాలలను గూర్చి విచారణ జరిపించినాడు. ఆ విచారణ ఫలితములు 1826లో ఆయన వ్రాసిన నివేదికలో కలవు. 1,28,50,941 మంది జనాభాకు 12,498 బడులు, వానిలో 1,88,650 మంది విద్యార్థులు! అనగా సుమారు అరువది యెనిమిది మందిలో ఒకరు బడికి పోవుచుండినట్లు లెక్క తేలినది. ప్రతి జిల్లాలో రెండు పెద్ద పాఠశాలలను, ప్రతి తహశీలులో ఒక పాఠశాలను ప్రభుత్వమే స్థాపింపవలెనని మన్రో సూచించినాడు. మరుసటి సంవత్సరము, 1827 జూలై 6వ తేదీన, నాడు బళ్లారి జిల్లాలో నుండిన పత్తికొండలో విషూచి సోకి మరణించినాడు. ఆయన తలపెట్టిన తహశీలు బడులు 1836 నాటికి ఎత్తివేయబడినవి.

ఆ బడులు నిలిచియుండినచో ఏమగునో చెప్పలేము. అవి పోయిన తరువాత జరిగినది మాత్రము స్పష్టము. 1844లో గవర్నరు జనరలు హార్డింజి, ప్రభుత్వోద్యోగములలో ఆంగ్ల విద్య నభ్యసించిన వారికి ప్రాధాన్యమీయవలెనని తీర్మానించినాడు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసినది. దాని ప్రవేశ పరీక్షయైన మెట్రిక్యులేషను కచేరీల ద్వారమునకు తాళపుచెవి అయినది. తరువాత స్కూలు ఫైనలు అని జనులు పిలిచిన ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష వచ్చినను, ఆరవ ఫారము ముగించిన బాలుని ముందు నిలిచిన మార్గములు మారలేదు. వీలున్నవాడు కళాశాలకు పోవలెను; లేనివాడు గుమాస్తా పనికో, ఉపాధ్యాయ శిక్షణకో అర్జీ పెట్టుకొనవలెను. అంతే.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. వృత్తి విద్య మన దేశమున ఏనాడును లేకపోలేదు. సాలెవాని కుమారుడు మగ్గము గుంటలోను, కరణము కుమారుడు కవిలె కట్టల ముందును, వడ్రంగి కుమారుడు తండ్రి ప్రక్కను కూర్చుండి నేర్చుకొనినారు. కాని ఆ విద్య ఇంటి గడప దాటలేదు, కులము దాటలేదు. బడిలో చెప్పు విద్యయో, చేతిపని జోలికి పోలేదు. పని తెలిసినవానికి అక్షరము లేదు, అక్షరము వచ్చినవానికి పని తెలియదు. ఈ రెంటికి నడుమ వంతెన కట్టువారు లేకపోయిరి.

ఆ లోపము వలన కలిగిన నష్టమును ఈ జిల్లాల చరిత్రయే చూపుచున్నది. లండనులో స్థాపితమైన ఒక కంపెనీ, 1860వ దశకమున సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుండి కడప వరకు కాలువ త్రవ్వించినది. 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనివేసినది. అదే కాలమున మద్రాసు రైలుమార్గము కడప మీదుగా సాగి 1871లో రాయచూరు చేరినది. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఈ సీమ శిలలను పరిశీలించి 1872లో గొప్ప గ్రంథమును వెలువరించినాడు. నాటి నుండి కడప, కర్నూలు అను పేర్లు ప్రపంచ భూగర్భ శాస్త్రములో ప్రాచీన శిలా సముదాయములకు స్థిరపడినవి. కాలువ, రైలు, రాయి: మూడును ఈ నేల మీదివే. మన్ను మోసిన చేతులకు ఇచ్చట కొదువ లేదు. కాని పటము గీయు విద్య నేర్వవలెనన్న మద్రాసునకు పోవలెను. అట్టి విద్య ఒకటి కలదని, దానికి తాను అర్హుడనని, కాలువ గట్టున నిలిచి చూచుచున్న పల్లె బాలునకు చెప్పునట్టివారెవ్వరు?

కళాశాల చదువైనను చేరువలో లేదు. దత్తమండలము మొత్తమునకు మదనపల్లెలో 1915లోను, అనంతపురములో 1916లోను కళాశాలలు వచ్చినవి. కర్నూలు ఉస్మానియా కళాశాల 1947లోను, కడప ప్రభుత్వ కళాశాల 1948లోను ఏర్పడినవి. 1937 నవంబరు 16వ తేదీన జరిగిన శ్రీబాగు ఒడంబడికలో రాయలసీమ నాయకులు నదీజలములతోపాటు విశ్వవిద్యాలయ కేంద్రమును గూర్చి కూడ పట్టుబట్టుటకు ఈ వెనుకబాటే కారణము. నీరు లేని కొరతయు, చదువు లేని కొరతయు వారికి వేర్వేరుగా తోచలేదు.

ఇట్టి కాలముననే కర్నూలులో 1887 అక్టోబరు 14వ తేదీన ఒక తమిళ కుటుంబమున కవల సోదరులు జన్మించినారు. వారే ఆర్కాటు రామస్వామి మొదలియారు, లక్ష్మణస్వామి మొదలియారు. ఇరువురును కర్నూలు మునిసిపల్ హైస్కూలులో చదివి 1903లో మద్రాసు చేరినారు. క్రైస్తవ కళాశాల వరకు వారి దారి ఒక్కటే. అటు పిమ్మట రామస్వామి న్యాయశాస్త్రము చదివి, పత్రికా సంపాదకుడై, రాజకీయములలో ప్రవేశించి, 1946లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక సాంఘిక మండలికి మొదటి అధ్యక్షుడైనాడు. మైసూరు సంస్థానమునకు కడపటి దివానుగను పనిచేసినాడు. లక్ష్మణస్వామి వైద్యము చదివి, ప్రసూతి వైద్యమున ప్రసిద్ధుడై, మద్రాసు వైద్య కళాశాలకు మొట్టమొదటి భారతీయ ప్రిన్సిపాలైనాడు. 1942 నుండి 1969 వరకు, ఇరువది యేడు సంవత్సరములు, మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవి నలంకరించినాడు. ఒకే గర్భమున, ఒకే దినమున పుట్టి, ఒకే బడిలో చదివినవారికి కూడ తగిన వృత్తి ఒకటి కాదు. వృత్తి నిర్ణయమును గూర్చి ఇంతకు మించిన దృష్టాంతము ఏ గ్రంథమునను దొరకదు.

1952లో భారత ప్రభుత్వము మాధ్యమిక విద్యా సంస్కరణకై ఒక సంఘమును నియమించి, దానికి ఈ లక్ష్మణస్వామి మొదలియారునే అధ్యక్షునిగా ఎన్నుకొనినది. ఆ సంఘము దేశమంతటను తిరిగి 1953లో నివేదిక సమర్పించినది. ఉన్నత పాఠశాల విశ్వవిద్యాలయమునకు కేవలము మెట్టుగా మాత్రమే నడచుచున్నదనియు, అది పిల్లలందరికి తగిన బాట కాదనియు ఆ నివేదిక సారాంశము. అందుకై బహుళార్థసాధక పాఠశాలలను స్థాపించి, మానవిక శాస్త్రములు, ప్రకృతి శాస్త్రములు, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము అను ఏడు శాఖలలో ఎవరికి తగినదానిని వారు చదువుకొను వీలు కల్పింపవలెనని సూచించినారు.

అంతకంటె ముఖ్యమైన సూచన మరియొకటి కలదు. పిల్లల అభిరుచిని, సామర్థ్యమును కనిపెట్టి, లోకములోని వృత్తుల స్వరూపమును వారికి తెలియజెప్పుటకు మార్గదర్శకాధికారులను, వృత్తి బోధకులను శిక్షణ నిచ్చి నియమింపవలెను. వివిధ పరిశ్రమలలో పని ఎట్లుండునో చలనచిత్రముల ద్వారా చూపవలెను. క్రమముగా ఈ సహాయము అన్ని విద్యాసంస్థలకును అందవలెను. ఈ ఆలోచనకు కర్నూలు బాల్యమే మూలమని చెప్పుట సాహసము. కాని కర్నూలు మునిసిపల్ హైస్కూలు బల్లల మీద కూర్చుండి చదివిన ఒక బాలుడు, అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, దేశములోని ప్రతి బాలునకు దారి చెప్పువాడొకడు ఉండవలెనని కోరుట ఈ సీమకు గర్వకారణమే గదా!

నివేదిక వెలువడిన ఆ 1953లోనే, అక్టోబరు 1వ తేదీన, కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని అయినది. కచేరీలు డేరాలలో నడచినవి. గుమాస్తా ఉద్యోగము ఇంటి ముంగిటకే వచ్చినట్లు తోచినది. మూడేండ్లు గడచునంతలో, 1956 నవంబరులో, రాజధాని హైదరాబాదునకు తరలినది. కచేరీలును దానితోపాటే పోయినవి. ఒకే వృత్తిని, ఒకే యజమానిని నమ్ముకొనుట ఎంతటి అస్థిరమో ఆ మూడేండ్లు నేర్పిన పాఠము.

ఇక మొదలియారు సంఘపు సూచనలు ఏమైనవి? 1954లో ఢిల్లీలో విద్యా వృత్తి మార్గదర్శక కేంద్ర సంస్థ ఏర్పడినది. ఉద్యోగ వినిమయ కేంద్రములలో యువకులకు సలహా ఇచ్చు ఏర్పాటు జరిగినది. చేతిపని శిక్షణ కొరకు 1950లోనే ప్రారంభమైన పథకము ఐ.టి.ఐ.లుగా విస్తరించినది, 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చినది. కాని బహుళార్థసాధక పాఠశాలలు వేళ్లూనలేదు. పరికరములు చాలలేదు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు దొరకలేదు. అన్నిటికి మించి, చేతిపని శాఖలో చేరిన పిల్లవాడు చదువు రానివాడని లోకులు భావించినారు. 1964-66 నాటి కొఠారీ సంఘము పది తరగతుల వరకు అందరికి సామాన్య విద్యయే ఉండవలెనని, ప్రత్యేక శాఖలు అటు తరువాతనే అని నిర్ణయించినది. ఆరవ ఫారము పోయి పదవ తరగతియు, దాని పైన రెండేండ్ల ఇంటర్మీడియటును వచ్చినవి. బడి మారినది, పరీక్ష మారినది. వృత్తి బోధకుడు మాత్రము చాల పాఠశాలలకు రానే లేదు.

చేతిపని తక్కువదను భావమునకు సమాధానము మన సీమలోనే కలదు. ఎమ్మిగనూరు నాడు బళ్లారి జిల్లాలోనిది. 1953లో కర్నూలు జిల్లాలో చేరినది. అచ్చట 1938లో మాచాని సోమప్ప చేనేతవారిని కూడగట్టి సహకార సంఘమును స్థాపించినారు. నేత పాతదే, మగ్గము పాతదే. నూలు సమకూర్చుట, లెక్కలు వ్రాయుట, సరుకు అమ్ముట అను విద్యలు దానికి తోడైనంతనే ఎమ్మిగనూరు నేత దేశమున పేరు గడించినది. 1954లో ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. చేతిపనికి లెక్కలు తెలిసినవాడు తోడుపడినచో ఊరెట్లు నిలుచునో ఇది చూపుచున్నది. బేతంచెర్ల రాయి, ఆదోని పత్తి, మాధవరము చీర అట్టివారి కొరకు నేటికిని ఎదురుచూచుచున్నవి.

నేడు పదవ తరగతి ముగించినవారికి దారులు లేవనుట సరికాదు. ఇంటర్మీడియటు కలదు, అందులో వృత్తివిద్యా శాఖలును కలవు. ప్రవేశ పరీక్ష వ్రాసి పాలిటెక్నిక్కులో చేరినచో మూడేండ్లకు డిప్లొమా లభించును. డిప్లొమా పొందినవాడు మరియొక పరీక్షతో ఇంజనీరింగు రెండవ సంవత్సరములో నేరుగా ప్రవేశింపవచ్చును. ఈ ఒక్క సంగతి తెలియక పాలిటెక్నిక్కును వదలుకొను కుటుంబములు ఎన్నియో! చేతిలో పని త్వరగా కావలసినవారికి ఐ.టి.ఐ. కలదు. కడప సీమలోని ఇడుపులపాయలో 2008లో వెలసిన సంస్థ, పదవ తరగతి మార్కుల ఆధారముననే గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని ఆరేండ్లలో ఇంజనీర్లుగా తీర్చుచున్నది. మన్రో తలపెట్టిన బడుల నాటి నుండి చూచినచో ఇది సామాన్యమైన మార్పు కాదు.

అయితే దారి ఉండుట వేరు, దారి తెలియుట వేరు. కర్నూలు పడమటి పల్లెలలో పంటలు లేని కాలమున కుటుంబములు సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోవును. తలిదండ్రుల వెంట పోయిన బిడ్డకు తరగతులు తప్పును. పదవ తరగతి గడప వరకైనను రాని పిల్లలు, అందును ఆడపిల్లలు, అనేకులు. ఫలితములు వచ్చిన పిమ్మట చెప్పు సలహా వారికి అందదు. కావున మార్గదర్శనము ఏడెనిమిది తరగతులలోనే మొదలు కావలెను. 2020 నాటి జాతీయ విద్యా విధానము ఆరవ తరగతి మొదలు వృత్తుల పరిచయము ఉండవలెనని, పుస్తకముల సంచి లేకుండ పది దినములు పనివారి చెంత నేర్వవలెనని చెప్పుచున్నది. మొదలియారు చెప్పినదానికి ఇది దూరపు బంధువే.

ఆ పది దినములు ఎచ్చట గడుపవలెను? దూరము పోనక్కరలేదు. సుంకేసుల ఆనకట్ట కలదు, ద్రోణాచలము జంక్షను కలదు, నంద్యాల వ్యవసాయ పరిశోధనా క్షేత్రము కలదు, రాతి పాలిష్ కర్మాగారములు కలవు, ఆసుపత్రులు కలవు. అచ్చట పనిచేయువారిని ఒక్కొక్కరిని మూడు ప్రశ్నలడుగవలెను: ఈ పనికి ఏమి చదివినారు? ఎంత ఖర్చయినది? మీ బిడ్డను ఈ పనికి పంపుదురా? ఆ జవాబులను పిల్లలే ఒక పుస్తకమున వ్రాసి బడిలో నుంచినచో, తరువాతి తరగతివారికి అదియే వృత్తి బోధకుడగును. దీనికి నిధులు పెద్దగా అక్కరలేదు; ఒక ఉపాధ్యాయుని పూనిక చాలును.

లక్ష్మణస్వామి మొదలియారు 1974లోను, రామస్వామి మొదలియారు 1976లోను గతించినారు. 1903లో కర్నూలు విడిచినప్పుడు ఆ ఇరువురకును దారి తెలిసినవారు తోడుండిరి గాబోలు. ఆ తోడు అందరికి ఉండదు. లేనివారికి దానిని సమకూర్చుట బడి విధి. బావి త్రవ్వుటకు ముందు నీటి జాడ చూచువానిని పిలుచు సీమ మనది. బిడ్డ బ్రతుకును గూర్చి అంతపాటి జాగ్రత్త వహించుట మనకు అలవాటు కాని పని కాదు.