కొల్లేటి చెరువుల్లో చేప పేను

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు ప్రాంతంలో చెరువులు తవ్వి చేపలు పెంచడం 1970ల మధ్యలో మత్స్యకార సహకార సంఘాలతో ఊపందుకుంది. 1980ల నాటికి వరి పొలాలు సైతం చెరువులయ్యాయి. 1957లోనే ఒడిశాలో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలీకున్హి పిట్యూటరీ రసం ఎక్కించి చేపలతో గుడ్లు పెట్టించారు కాబట్టి, చేపపిల్లల కోసం నదుల మీదే ఆధారపడే రోజులు పోయాయి.

మొదట్లో దేశవాళీ, చైనా రకాలు కలిపి ఆరు జాతులు వదిలేవారు. కలకత్తా వైపు గిరాకీ ఉన్నది శీలావతికి, బొచ్చెకు. దాంతో చైనా రకాలు త్వరలోనే తెరమరుగై, చెరువు నిండా శీలావతే అయింది. పేను అన్నిటికన్నా తేలిగ్గా పట్టేదీ శీలావతినే.

పేరుకు పేనే అయినా ఇది రొయ్యలు, పీతల కోవలోని జీవి. శాస్త్రనామం ఆర్గులస్. మన చెరువుల్లో ఎక్కువగా కనిపించే సయామెన్సిస్ జాతిని 1926లో చార్లెస్ బ్రాంచ్ విల్సన్ వర్ణించాడు. బల్లపరుపు ఒళ్లు, రెండు నల్లటి కళ్లు, చేపను కరుచుకోడానికి రెండు గుండ్రటి గిన్నెలు. సూదిలాంటి ముల్లు గుచ్చి రక్తం పీలుస్తుంది. పేను పట్టిన చేప ఒళ్లు రుద్దుకుంటుంది, మేత మానేసి చిక్కిపోతుంది. గాయాల్లో బాక్టీరియా చేరితే ఎర్రటి పుళ్లు పడతాయి.

గుడ్లు పెట్టే వేళకు ఆడ పేను చేపను వదిలి, నీళ్లలో రాయో కర్రో వెతుక్కుని వరసలుగా అంటిస్తుంది. కొల్లేటి రైతులేమో చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, చెరువులో పాతిన వెదురు గెడలకు వేలాడగడతారు. మేతకు చేపలన్నీ అక్కడే మూగుతాయి. గుడ్లకు గెడలు సిద్ధంగా ఉంటాయి. పేనుకు ఇంతకంటే సదుపాయం ఏం కావాలి? ఈ అలవాటునే ఆసరా చేసుకుని, చెక్క పలకలు నీటిలో దించి, కొన్నాళ్లకోసారి పైకి తీసి ఎండబెట్టి గుడ్లను చంపే పద్ధతీ ఉంది. ఖర్చు లేని పనే, కానీ ఓపిక కావాలి.

మందుల్లో పాతది గమాక్సిన్. అందులోని లిండేన్ తయారీని 2011లో, వాడకాన్ని 2013లో కేంద్రం నిషేధించింది. తర్వాతి కాలంలో సైపర్‌మెత్రిన్, పశువుల పిడుదులకు వాడే డెల్టామెత్రిన్, మేతలో కలిపే ఐవర్‌మెక్టిన్ వాడకంలోకి వచ్చాయి. మోతాదు మించితే ఇవి చేపకూ విషమే. గుడ్ల మీద మాత్రం సరిగా పనిచేయవు. అందుకే గుడ్లు పగిలి పిల్ల పేలు బయటపడ్డాక మందు మళ్లీ కొట్టాల్సి వస్తుంది.