గరిడీకి లేని గోడ జిమ్ముకెందుకు?

చూపులేని మనిషి జిమ్ముకెళ్తే మనవాళ్లు మొదట అడిగేది "తోడెవరొచ్చారు?" అని. ఒక్కడే వచ్చి, తన బరువులు తనే ఎత్తుకుని ఇంటికి పోతాడని ఎవరూ అనుకోరు. కర్నూలైనా కడపైనా ఇదే తంతు. "పాపం, వాళ్లకెందుకండీ ఈ తిప్పలు" అని జాలిపడేవాళ్ల కోసం కొంచెం చరిత్ర చెప్పుకుందాం.

మన సీమకి కసరత్తు కొత్తేం కాదు. సాము, గరిడీ మన మాటలే. నవాబులేలిన ఊళ్లు కాబట్టి తాలీము, ఉస్తాదు కూడా మనవే అయిపోయాయి. కర్నూలు నవాబు పాలన 1839లో ముగిసింది గానీ ఆ మాటలు పోలేదు. ఉగాదొస్తే పల్లెల్లో గుండు ఎత్తే పోటీలు, ఇరుసు ఎత్తే పోటీలు మనకి తెలిసినవే. వీటిలో ఒక సంగతి గమనించండి. గుండుకి స్క్రీన్ ఉండదు. తడిమితే సైజు తెలుస్తుంది, కదిపితే బరువు తెలుస్తుంది. కుస్తీలో పట్టు నేర్పాలంటే ఒంటి మీద చెయ్యేసి నేర్పాల్సిందే. అలాగని పాతకాలంలో చూపులేనివాళ్లని పిలిచి మరీ సాము నేర్పారని నేననడం లేదు. అక్కడ అడ్డమంటూ ఉంటే అది మనుషుల్లో ఉండేది, పనిముట్టులో కాదు. నేను చెప్పేది అంతవరకే.

మనుషుల్లో ఉన్న ఆ అడ్డాన్ని తీసేయడానికి పూనుకున్నవాళ్లలో ఫ్రాన్సిస్ జోసెఫ్ క్యాంబెల్ ఒకడు. 1832లో అమెరికాలో పుట్టాడు, చిన్నప్పుడే చూపు పోయింది. 1872లో లండన్‌లో డాక్టర్ ఆర్మిటేజ్‌తో కలిసి అంధుల కోసం కాలేజీ పెట్టాడు. అక్కడ చదువు, సంగీతంతో పాటు వ్యాయామం కూడా పాఠమే. తన ఒంటి మీద తనకి నమ్మకం లేనివాడు వీధిలో ఒంటరిగా నడవలేడు, నడవలేనివాడు సంపాదించలేడు అన్నది ఆయన లెక్క. 1880లో ఆయనే మాంట్ బ్లాంక్ శిఖరం ఎక్కేశాడు.

తర్వాత యుద్ధాలొచ్చాయి. 1915లో లండన్‌లో మొదలైన సెయింట్ డన్‌స్టన్స్‌లో, కళ్లు పోయిన సైనికులకి బ్రెయిలీతో పాటు పడవ నడపడమూ నేర్పారు. గల్లిపోలీలో చూపు పోగొట్టుకున్న న్యూజిలాండ్ సైనికుడు క్లూతా మెకంజీ అక్కడ తయారైనవాడే. 1943లో మన సైనికుల కోసం డెహ్రాడూన్‌లో అదే పేరుతో కేంద్రం నడిపింది కూడా ఈయనే.

ఇక మన కుస్తీకి దగ్గరి చుట్టం జూడో. 1988 సియోల్ పారాలింపిక్స్ నుంచి చూపులేనివాళ్ల జూడో ఉంది. దానికోసం చేసిన మార్పు ఎంత చిన్నదో చూడండి. పోటీ మొదలయ్యేటప్పటికే ఇద్దరూ ఒకరి బట్ట ఒకరు పట్టుకుని ఉంటారు. ముఖ్యమైన తేడా అదే. 2024 పారిస్‌లో కపిల్ పర్మార్ ఇందులోనే కాంస్యం తెచ్చాడు, పారాలింపిక్ జూడోలో మన దేశానికి అదే మొదటి పతకం.

సరే, జిమ్ముకొద్దాం. వెయిట్ స్టాక్ ఉన్న మిషనుకి కళ్లతో పనిలేదు. పలకల్ని వేలితో లెక్కపెట్టి పిన్ను దూరిస్తే సరి. మొదటిరోజు ఎవరైనా వెంట తిప్పి, ఏ మిషను ఎన్ని అడుగుల్లో ఉందో చెప్తే చాలు, తర్వాత చేతికర్రతో తనే వెళ్లిపోతాడు. డంబెల్సు తీసినచోటే పెట్టాలి, దారిలో ప్లేట్లు పడేయకూడదు. అది చూపున్నవాళ్ల కాళ్లకీ మంచిదే. చిక్కంతా ట్రెడ్‌మిల్లుతోనే. బటన్లు ఉన్నవాటికి నాలుగు ఉబ్బెత్తు స్టిక్కర్లు అంటిస్తే పనైపోతుంది. నున్నటి టచ్ స్క్రీన్ అయితే స్పీడెంతో తెలీదు, ఆపే మీట యాడుందో తెలీదు. కాళ్లకింద బెల్టు పరుగెడుతుంటే ఇది చిన్న విషయం కాదు.

"టచ్ స్క్రీన్ కదండీ, ఏం చేస్తాం" అనే సాకు మాత్రం మా ఫీల్డువాళ్ల దగ్గర చెల్లదు. 2009లోనే ఐఫోన్‌కి వాయిస్ఓవర్, ఆండ్రాయిడ్‌కి టాక్‌బ్యాక్ వచ్చేశాయి. అద్దం మీద వేలు పెడితే అక్కడేముందో చదివి చెప్తాయి. జేబులో ఫోను చేసే పని అంత పెద్ద ట్రెడ్‌మిల్లు చేయలేదంటే టెక్నాలజీ లేక కాదు, అడిగినవాడు లేక. రిక్వైర్‌మెంట్లో రాయనిది ఏ ప్రోగ్రామరూ కోడ్ చేయడు.

అడిగే హక్కు చట్టంలోనే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షను క్రీడా సౌకర్యాల్ని వాళ్లకి పనికొచ్చేలా మార్చమంటోంది. 46వ సెక్షను సేవలందించేవాళ్లకి, సర్కారైనా ప్రైవేటైనా, రూల్సొచ్చాక రెండేళ్ల గడువిచ్చింది. ఆ రూల్సు 2017లోనే వచ్చాయి. చూపులేని రాజీవ్ రాతూరీ 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఇంకో అడుగు ముందుకేసింది. ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయాల్సిందే అంది. ఆ కేసులో కోర్టుకి నివేదిక తయారుచేసిచ్చింది మన హైదరాబాద్ నల్సార్‌లోని వికలాంగుల అధ్యయన కేంద్రమే.

కాబట్టి కర్నూల్లోనో కడపలోనో రేపు జిమ్ముకి మిషన్లు కొనేవాళ్లు కొటేషన్లో ఒక్క లైను చేర్చండి: బటన్లన్నా ఉండాలి, లేదా మిషను మాట్లాడాలి. ట్రైనర్లకి ఒక మాట. చెయ్యి పట్టి లాక్కెళ్లొద్దు, మీ మోచెయ్యి అందించండి. "అదుగో, అక్కడ" అనకుండా "నీ కుడిపక్క రెండడుగులు అన్నా" అనండి. ఇవేవీ దానం కాదు, ఫీజు కట్టిన మనిషికి ఇవ్వాల్సిన సర్వీసు. జాలి పడమని ఎవరూ అడగట్లేదు.