టిండేల్ తర్జుమా

కితాబ్ పెద్దదా, మతపెద్దల రివాజు పెద్దదా? ఈ సవాల్‌కి విలియం టిండేల్ ప్రాణమిచ్చి జవాబు చెప్పాడు.

బిషప్పు ఇజాజత్ లేకుండా బైబిల్‌ని ఇంగ్లీషులోకి తేవడం ఇంగ్లండులో జుర్మ్. టిండేల్ జర్మనీ వెళ్లి, గ్రీకు నుంచి కొత్త నిబంధనని తర్జుమా చేసి, 1526లో వోర్మ్స్‌లో అచ్చు వేయించాడు. బట్టల మూటల్లో దాచి ఇంగ్లండు చేర్చారు.

చర్చిని కలవరపెట్టినవి కొన్ని మాటలే. 'చర్చి' ఉండాల్సిన చోట జమాత్ అనే అర్థమొచ్చే మాట. 'పాదిరీ' చోట 'పెద్ద'. 'ప్రాయశ్చిత్తం చెల్లించు' చోట 'తౌబా చెయ్యి'. తౌబా బందాకీ ఖుదాకీ మధ్య సంగతైతే, మాఫీ పత్రాలు ఎవరు కొంటారు?

1536లో బ్రస్సెల్స్ దగ్గర ఆయన గొంతు బిగించి చంపి, తగలబెట్టారు. మూడేళ్లకే బాద్‌షా హుకుంతో ఇంగ్లండు చర్చిల్లోకి ఇంగ్లీషు బైబిల్ వచ్చింది. అందులో చాలా భాగం టిండేల్ తర్జుమానే!

ఏ మజహబ్‌లోనైనా కితాబ్‌ని అవామ్ జబాన్‌లోకి రానివ్వని వాళ్లని ఒకటే అడగాలి: మీ ఫికర్ కితాబ్ గురించా, కుర్సీ గురించా?